ఫెన్స్ కొటేషన్లు, మా అమ్మాయి, తాతయ్య చెప్పిన రెండు మూరలు

మార్చిలో వచ్చిన గాలివానకి మా వెనక ఫెన్స్ ఒక పక్క మొత్తం పక్కింటివాళ్ళ గడ్డి మీదకి వాలిపోయింది. మేముండేది డల్లాస్‌కి ఉత్తరాన, ఇల్లు కట్టి పదిహేనేళ్ళు, బిల్డర్ వేసిన చెక్క రాటలు మట్టి దగ్గర పుచ్చిపోయి వేలితో పొడిస్తే రాలిపోతున్నాయి. మా ఇన్సూరెన్స్‌లో గాలికీ వడగళ్ళకీ డిడక్టిబుల్, అంటే కంపెనీ ఇచ్చే ముందు మనం భరించాల్సిన మొత్తం, ఇంటి కవరేజీలో 2 శాతం, ఫెన్స్ ఖర్చు మొత్తం ఆ లోపలే అయిపోతుంది కాబట్టి చేతి డబ్బు పెట్టుకోవాల్సిందే. మూడు వైపులా కలిపి 140 అడుగులు, ఒక గేటు.

మొదట వచ్చినాయన టేపు పట్టుకుని ఒక చుట్టు తిరిగి అక్కడికక్కడే 4,200 డాలర్లు అన్నాడు. నేను అలవాటు ప్రకారం "లాస్ట్ ప్రైస్ ఎంతో చెప్పండి, క్యాష్ అయితే ఎంత తగ్గిస్తారు" అని మొదలుపెట్టా. పక్కనే ఉన్న మా అమ్మాయి, ఏడో గ్రేడ్, చటుక్కున లోపలికి వెళ్ళిపోయింది. ఆయన వెళ్ళాక ఏమైందే అంటే "ఆయన అబద్ధం చెప్తున్నాడు అన్నట్టు మాట్లాడావమ్మా" అంది.

ఆ మాట నాకు రెండు రోజులు మనసులో తిరుగుతూనే ఉంది. మా అమ్మ తెనాలి మార్కెట్లో వంకాయలు బేరమాడేటప్పుడు ఆ కూరగాయలామెకి మా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చిందో కూడా తెలుసు, బేరం అంటే ముందు మాట కలపడం, తర్వాతే డబ్బు. ఇక్కడ జీవితంలో ఒక్కసారి కనపడే మనిషితో అదే మాటంటే వేరేగా వినపడుతుందని నాకెప్పుడూ తట్టలేదు. అలాగని డబ్బు గురించి అడగడమే సిగ్గుపడే పని అని నా కూతురు అనుకుంటే నేను ఒప్పుకోను, రేపు తన జీతం గురించి తనే నోరు తెరిచి అడగాలి కదా. ఇదే చెప్పా. కాసేపు ఆలోచించి "సరే అడుగుదాం, కానీ తగ్గించమని కాదు, ఆ ధరలో ఏమేం వస్తాయో అడుగుదాం" అంది. నిజంగా అది నాకన్నా మంచి దారి.

ఇంకో ఇద్దర్ని పిలిచాం. రెండో ఆయన 5,950, మూడో ఆయన 7,400. అంకెలు చూస్తే మొదటాయన దగ్గరే ఆగిపోవాలి. మా అమ్మాయి లాప్‌టాప్‌లో ఒక షీట్ తెరిచి ముగ్గురినీ ఒకే ప్రశ్నలు ఈమెయిల్‌లో అడిగింది, నేను నా పేరుతో పంపించా. అప్పుడు బయటపడింది అసలు సంగతి. మొదటాయన ధరలో పాత ఫెన్స్ పీకి తీసుకెళ్ళడం లేదు, దానికి అడుగుకి 4 డాలర్లు, అంటే 560, గేటుకి ఇంకో 350, అక్కడికే 5,110. రాటలు చెక్కవే, లోతు 24 అంగుళాలు, పలకలు పక్కపక్కన పేర్చడమే. మిగతా ఇద్దరివీ జింకు పూత వేసిన ఇనప రాటలు, దేవదారు పలకలు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కించి కొట్టడం, ఇక్కడ బోర్డ్ ఆన్ బోర్డ్ అంటారు. పక్కపక్కన కొడితే చెక్క ఎండి ముడుచుకున్నాక సందులు పడి అవతలివాళ్ళు కనపడతారు. ఎక్కించి కొట్టడానికి పలకలు ఎన్ని ఎక్కువ పడతాయో తనే లెక్కేసింది. ఆరంగుళాల పలక అని పేరే గానీ అసలు వెడల్పు ఐదున్నర, 140 అడుగులకి 306 చాలు, ప్రతి పలకా అంగుళం చొప్పున ఎక్కిస్తే 374. "68 పలకలు ఎక్కువమ్మా, అందుకే ఖరీదు" అని చూపించింది, స్కూల్లో లెక్కలంటే మొహం చిట్లించే పిల్ల.

మూడో ఆయన 7,400లో స్టెయిన్, అంటే చెక్కకి పూసే రంగు, పైన క్యాప్ కలిపి 1,200 ఉన్నాయి. కొత్త చెక్క కొన్ని వారాలు ఆరాక స్టెయిన్ మనమే వేసుకోవచ్చు, కాబట్టి అవి తీసేస్తే 6,200. అంటే ఇద్దరికీ తేడా 250 మాత్రమే. రాట లోతు మాత్రం రెండో ఆయనది 30 అంగుళాలు, మూడో ఆయనది 36. ఆరంగుళాలకి ఇంత ఆలోచనెందుకని మా ఆయన అన్నారు.

ఆ ఆదివారం వీడియో కాల్‌లో మా నాన్నకి పెరడు చూపిస్తుంటే ఆయన ఫెన్స్ సంగతి వదిలేసి "ఫోన్ కిందకి పట్టమ్మా, ఆ నేల చూపించు" అన్నారు. ఎండకి అప్పటికే సన్నగా నెర్రెలు పడుతున్నాయి. "ఇది మన నల్లరేగడే కదే!" అని ఆయన మొహం వెలిగిపోయింది. నేను పదకొండేళ్ళుగా ఆ మట్టి మీదే నడుస్తున్నా, ఒక్కసారీ అనుకోలేదు. తర్వాత మా అమ్మాయి వెతికి చెప్పింది, డల్లాస్ చుట్టుపక్కల నేలని బ్లాక్‌ల్యాండ్ ప్రెయరీ అంటారు, దక్కన్ నల్లరేగడీ ఇదీ ఒకే జాతి మట్టి, వెర్టిసాల్, రెండు చోట్లా పత్తి పండించారు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని పగులుతుంది, అలా ఏటా ఉబ్బి తగ్గుతూ పైపైన పాతిన రాటని మెల్లగా కదిపేస్తుంది. నాన్న ఇవేవీ చదవలేదు. చిన్నప్పుడు మా ఇంటికి తాటాకు దడి ఉండేది, దాని రాటలు ఆయనే పాతేవారు, మొదలుకి తారు పూసి. "రేగట్లో రాట రెండు మూరలు దిగాలి, లేకపోతే నిలబడదు" అన్నారు.

మూర అంటే ఏంటని తను అడిగింది. మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా అని చెప్తే తన చెయ్యి టేపు మీద పెట్టుకుని పదిహేను అంగుళాలే వచ్చిందని దిగులుపడింది. నాన్న తన చెయ్యి అమ్మతో కొలిపించారు, కరెక్ట్‌గా 18. రెండు మూరలంటే 36! వాళ్ళిద్దరూ ఫోన్‌కి అటూ ఇటూ నవ్వుకుంటుంటే నాకు కళ్ళు తడిశాయి, నాన్న ఇంగ్లీషు తనకి, తన తెలుగు నాన్నకి సగం సగమే అర్థమవుతాయి, ఇన్నేళ్ళలో ఇద్దరూ ఒక పని గురించి మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి.

కొటేషన్ల మధ్యలో ఇంకోటి కూడా తేల్చుకోవాల్సి వచ్చింది. వాలిపోయిన 45 అడుగులూ పక్కింటి పెద్దాయనకీ మాకూ మధ్యది. మా తాతకీ ఆయన తమ్ముడికీ పొలం గట్టు దగ్గర మాటామాటా పెరిగి రెండు ఇళ్ళవాళ్ళం ఏళ్ళ తరబడి పెళ్ళిళ్ళకి కూడా పిలుచుకోలేదు, ఆ భయంతో నేను ముందు ఆయన తలుపే తట్టా. ఇక్కడ మామూలు ఇళ్ళ మధ్య ఫెన్స్‌కి ఒప్పుకుంటే తప్ప పక్కవాళ్ళు సగం ఇచ్చితీరాలని చట్టమేమీ లేదు. ఆయన కొటేషన్లు మూడూ చదివి సగం ఇస్తానన్నారు, మా షీట్ తనకీ పంపమన్నారు. ఒప్పుకున్నది ఈమెయిల్‌లో రాసుకున్నాం. మంచివాళ్ళైతే రాతలెందుకని మా అమ్మాయి అడిగితే, మంచిగానే ఉండిపోవాలనే రాసుకుంటాం అని మా తాతల గట్టు కథంతా చెప్పా, తను మొదటిసారి వింది.

టెక్సాస్‌లో ఫెన్స్ వేసేవాళ్ళకి స్టేట్ లైసెన్స్ అంటూ ఉండదు, కాబట్టి లయబిలిటీ ఇన్సూరెన్స్, అంటే పనిలో వాళ్ళవల్ల నష్టం జరిగితే కట్టే బీమా, కాగితం అడిగి తీరాలి. రెండో ఆయన గంటలో పంపాడు. 36 అంగుళాల లోతుకి రాటకి 12 డాలర్లు ఎక్కువ అన్నాడు, ఎనిమిది అడుగులకొకటి చొప్పున 19 రాటలు, 228, మొత్తం 6,178. మూడో ఆయనతో తేడా 22 డాలర్లే, కానీ ఆయన సగం డబ్బు ముందే అడిగాడు, ఈయన చెక్క ఇంటికొచ్చాక 30 శాతం, మిగతాది పనయ్యాక అన్నాడు. ఇంకోటి, ఇంటికొచ్చినప్పుడు మా అమ్మాయి అడిగినవాటికి నా వైపు చూసి కాకుండా తన వైపు చూసే జవాబు చెప్పాడు. మాకు అదీ లెక్కలోకొచ్చింది.

హెచ్ఓఏ, అంటే మా కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం, అనుమతికి మూడు వారాలు. తవ్వే ముందు 811కి, అంటే నేల కింద లైన్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టించే ఫోన్ నంబరుకి, చెప్పడం తప్పనిసరి, ఉచితమే, వాళ్ళొచ్చి పసుపు గ్యాస్‌కి, ఎరుపు కరెంటుకి, నారింజ కేబుల్‌కి అని గీతలు గీసి జెండాలు గుచ్చి వెళ్ళారు. మా చిన్నాడు రెండు రోజులు వాటిని కాపలా కాశాడు. స్ప్రింక్లర్ పైపులు మాత్రం వాళ్ళు గుర్తుపెట్టరు, అవి మేమే వెతుక్కున్నాం.

తవ్విన రోజు శనివారం, ఊళ్ళో రాత్రి ఎనిమిదైంది, నాన్న భోజనం ముందు పెట్టుకుని ఫోన్‌లో చూస్తున్నారు. మొదటి గుంట అవగానే మా అమ్మాయి పనివాళ్ళని అడిగి మట్టిలో బోర్లా పడుకుని టేపు కిందకి దింపింది. నల్లటి మట్టి మోచేతుల దాకా అంటుకుంది.

"ఎంతుందే?" అన్నారు నాన్న.

"టూ మూరలు తాతయ్యా" అని అరిచింది, తర్వాత తనే సర్దుకుని "రెండు. రెండు మూరలు."