1977 నాటి బాండ్ పోస్టరు: వెతకడం నుంచి గోడకెక్కించేదాకా నా అనుభవం

నేను వెతికింది ‘ది స్పై హూ లవ్డ్ మీ’ అమెరికన్ వన్‌షీట్. అంటే అమెరికా థియేటర్లకు పంపే నిలువు పోస్టరు. 1977లో సినిమా విడుదల కోసం అచ్చువేసినది, బొమ్మ బాబ్ పీక్‌ది. జేమ్స్ బాండ్ పోస్టర్లలో చేత్తో గీసిన బొమ్మల కాలం 1962లో ‘డాక్టర్ నో’తో మొదలై 1980ల చివరిదాకా నడిచింది. మిచెల్ హుక్స్, ఫ్రాంక్ మెకార్తీ, రాబర్ట్ మెక్‌గిన్నిస్, బాబ్ పీక్, డాన్ గూజీ, బ్రయన్ బైసౌత్... మన పోస్టర్లలో ఈశ్వర్ గారి గీతను చూడగానే పోల్చుకున్నట్టే, కొన్నాళ్ళు చూస్తే వీళ్ళ గీతనూ పోల్చుకోవచ్చు. కానీ కొనే ముందు ఆ పరిచయం అక్కరకు రాదు. నకలు మీద ఉండేదీ అదే బొమ్మ. తేడా ఉండేది కాగితంలో. అందుకే నేను బొమ్మ సంగతి పక్కనపెట్టి ముందు కాగితం చూస్తాను.

మొదటి పని కొలత. 1980ల ముందు అమెరికన్ వన్‌షీట్ 27×41 అంగుళాలు. ఆ తర్వాతే 27×40 అయింది. కాబట్టి 1977 సినిమా పోస్టరు అని చెప్పి 27×40 కొలత రాస్తే అది తర్వాత వేసిందైనా అయ్యుండాలి, అంచు కోసిందైనా అయ్యుండాలి. 24×36 అయితే గది అలంకరణకు అమ్మే నకలు, ఇంకేం చూడనక్కర్లేదు. బ్రిటన్‌లో వాడే క్వాడ్ అనే పోస్టరు 30×40, అడ్డంగా ఉంటుంది. మన సింగిల్ షీట్‌ని పక్కకు తిప్పినట్టే. జపాన్ బీ2 సుమారు 20×29, ఇటలీ రెండు షీట్లది సుమారు 39×55. ఇంట్లో గోడ ఎంతుందో కొలుచుకున్నాకే ఇటలీ వాటి జోలికి వెళ్ళండి.

రెండోది అడుగు అంచు. 1940 నుంచి 1980ల దాకా అమెరికాలో పోస్టర్ల పంపిణీ చాలావరకు నేషనల్ స్క్రీన్ సర్వీస్ అనే సంస్థ చేతిలో ఉండేది. వాళ్ళు కుడివైపు కింద ఒక నంబరు వేసేవారు. మొదటి రెండంకెలు సంవత్సరం, తర్వాత ఒక గీత, ఆ తర్వాత సినిమా వరస సంఖ్య. 1970ల చివరికి గీత తీసేసి ఆరంకెలు కలిపి వేశారు. అంకెల ముందు ‘ఆర్’ అనే అక్షరం ఉంటే అది రెండోసారి విడుదలకు వేసిన పోస్టరు. 1960ల బాండ్ సినిమాలను జంటగా కలిపి మళ్ళీ మళ్ళీ ఆడించారు కాబట్టి ఆ పోస్టర్లు చాలా దొరుకుతాయి. అవి నకిలీలు కావు, కానీ మొదటి విడుదల ధర పెట్టి కొనకూడదు.

బొమ్మలో ఏదో తేడా కనిపించగానే నకిలీ అనుకోవడం కూడా పొరపాటే. ‘ఫ్రం రష్యా విత్ లవ్’ పోస్టర్లలో షాన్ కానరీ చేతిలో తుపాకీ గొట్టం మరీ పొడుగ్గా ఉంటుంది. ఫొటోలు తీసేరోజు బాండ్ వాడే వాల్తర్ పీపీకే పిస్తోలు తీసుకురావడం మరిచిపోతే, ఫొటోగ్రాఫర్ డేవిడ్ హర్న్ తన దగ్గరున్న వాల్తర్ ఎల్‌పీ 53 ఇచ్చాడు. అది గుళ్ళు పేల్చే గాలి తుపాకీ. అలాగే 1989 సినిమా ‘లైసెన్స్ టు కిల్’కి ముందు అనుకున్న పేరు ‘లైసెన్స్ రివోక్డ్’తో అచ్చయిన ముందస్తు పోస్టర్లు నిజంగానే ఉన్నాయి.

డబ్బు పంపే ముందు అమ్మేవారిని నేను ఆరు ఫొటోలు అడుగుతాను: ముందువైపు మొత్తం, వెనకవైపు మొత్తం, అడుగు అంచు దగ్గరగా, టేపు పెట్టి పొడవు, టేపు పెట్టి వెడల్పు, గది చీకటి చేసి పక్కనుంచి టార్చి వేసి తీసినది. ఆ చివరి ఫొటోలోనే ముడతలు, అతుకులు, తర్వాత రంగు పూసిన చోట్లు బయటపడతాయి. వెనకవైపు ఫొటో ఇవ్వనంటే ఆ బేరం అక్కడితో వదిలేస్తాను.

వెనకవైపు అంత ముఖ్యం ఎందుకంటే, ఆ రోజుల్లో వన్‌షీట్లు థియేటర్లకు మడతపెట్టి వెళ్ళేవి. నిలువుగా ఒక మడత, అడ్డంగా మూడు, మొత్తం ఎనిమిది గళ్ళు. ఒక్కో గడి వెడల్పు పదమూడున్నర అంగుళాలు, ఎత్తు పదింబావు అంగుళాలు. ఏళ్ళ తరబడి అలా మడిచి ఉంచితే బయటికి కనిపించే గడికే గాలి, దుమ్ము తగిలి అది గోధుమరంగుకు తిరుగుతుంది, లోపలి గళ్ళు తెల్లగానే ఉంటాయి. చాలాసార్లు ఆ బయటి గడి మీదే సినిమా పేరు ముద్ర కూడా ఉంటుంది. తర్వాతెవరో మడతపెట్టిన నకలుకు వెనక మొత్తం ఒకే రంగు. నిలువు మడత అడ్డ మడతలను కలిసే కూడళ్ళు మూడు. పాతదైతే అక్కడ సిరా రాలి సూదిమొన అంత తెల్ల చుక్కలైనా ఉంటాయి, చిన్న కన్నమైనా పడుతుంది. నకళ్ళలో మడత గీత కూడా బొమ్మతోపాటు అచ్చయిపోతుంది. వేలితో రాస్తే నున్నగా తగులుతుంది.

పార్సిల్ చేతికొచ్చాక అసలు పరీక్ష భూతద్దంతో. నగల పనివాళ్ళు వాడే పదిరెట్ల అద్దం చాలు. బొమ్మ మీద పెడితే అసలు పోస్టరు ఆఫ్‌సెట్ అచ్చులో (ప్రెస్సులో పలకలతో వేసేది) నాలుగు రంగుల చుక్కలు వరసగా, చిన్న పువ్వుల్లా పేర్చినట్టు కనిపిస్తాయి. ఇంక్‌జెట్ నకలులో పిచికారీ కొట్టినట్టు చెల్లాచెదురుగా ఉంటాయి. దీనికన్నా గట్టి పరీక్ష అడుగున నటీనటుల పేర్లున్న సన్న అక్షరాలు. అసలులో ఆ అక్షరం ఒకే సిరాతో నిండుగా, అంచు తెగ్గొట్టినట్టుంటుంది. పోస్టరును ఫొటో తీసి వేసిన నకలులో అక్షరమే చుక్కలుగా విడిపోయి, అంచుల్లో రంగు చిమ్ముతుంది. ఈ పరీక్ష తప్పినదాన్ని మిగతావేవీ నిలబెట్టలేవు.

యూవీ టార్చి పరీక్షను మాత్రం అతిగా నమ్మకండి. కొత్త కాగితం నీలంగా మెరుస్తుందన్నది నిజమే. కానీ కాగితం తెలుపు పెంచే రసాయనాలు 1950ల నుంచే వాడుకలో ఉన్నాయి కాబట్టి 1977 కాగితం కొంచెం మెరిసినంత మాత్రాన నకిలీ కాదు. తర్వాత అతికించిన ముక్కలు, పూసిన రంగులు వేరుగా కనబడటానికి ఆ టార్చి బాగా పనికొస్తుంది.

విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం పోస్టరు ధర మీద మాత్రమే కాదు, రవాణా, బీమా కలిపిన మొత్తం మీద వేస్తారు. కొరియర్‌కు గుర్తింపు కార్డు వివరాలు ముందే ఇచ్చిపెట్టుకోవాలి. ధర తక్కువ రాయించకండి, దారిలో పాడైతే బీమా కూడా ఆ రాసినంతే వస్తుంది. మడత పోస్టరును మడతగానే, రెండు గట్టి అట్టల మధ్య పంపమనాలి. ట్యూబులో చుట్టి పంపితే పాత మడతలు కొత్తచోట విరుగుతాయి.

ఇక మడతలు తీయడం. ఇస్త్రీపెట్టె వద్దు, నీళ్ళు చిలకరించడమూ వద్దు. ఈ కాగితానికి ముందువైపు సుద్దలాంటి పూత ఉంటుంది. తడి తగిలితే ఆ పూత పక్క కాగితానికి అంటుకుని సిరాతో సహా ఊడొస్తుంది. పొడి అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన మందపు గాజుపలక బరువుగా ఉంచి మూడు వారాలు వదిలేశాను. మడతలు పూర్తిగా పోలేదు కానీ ఫ్రేములో పెట్టేంత చదునయింది. మడతలు గట్టిగా ఉండి ఉంటే అక్కడితో ఆపేసేవాణ్ణి. నా దానికి మూడు కూడళ్ళలోనూ కన్నం ఉంది, మధ్య మడత సగం దాకా చిరిగింది. అందుకని గుడ్డ మీద అతికించడానికి కాగితాల సంరక్షణ తెలిసినవారికి ఇచ్చాను.

ఈ పనిలో ముందు సిరాలను తడిదూదితో పరీక్షిస్తారు. వెనక ఎవరైనా స్కెచ్ పెన్నుతో రాసి ఉంటే తడిపినప్పుడు ఆ సిరా ముందుకు దిగుతుంది. కాబట్టి అలాంటి రాత ఉంటే అప్పగించేటప్పుడే చూపించాలి. తర్వాత కాగితంలోని ఆమ్లం పోయేలా కడిగి, చట్రానికి బిగించిన నూలుగుడ్డ మీద ముందు ఆమ్లం లేని పలుచని కాగితం, దానిపైన పోస్టరు అతికిస్తారు. తడిసినప్పుడు సాగిన కాగితం ఆరుతూ బిగుసుకుంటుంది, మడతలు దానంతట అవే లాగినట్టు పోతాయి. అందుకే ఆరడానికి రోజులు పడుతుంది, తొందరపెట్టకూడదు. జిగురు మన గోడల మీద పోస్టర్లు అంటించే ఉడికించిన మైదా కాదు. మైదాలో ఉండే మాంసకృత్తులు తీసేసిన గోధుమ స్టార్చ్. అది మళ్ళీ నీళ్ళతో విడిపోతుంది, పురుగునూ మైదా అంతగా పిలవదు. చుట్టూ రెండంగుళాల గుడ్డ అంచు వదలమని అడగండి. రంగు దిద్దడం కన్నం పూడ్చిన చోటే ఉండాలి. మడత పొడవునా రంగు పూస్తే బొమ్మ మీద బొమ్మ వేసినట్టే. థియేటరు లోపల పెట్టడానికి అట్ట మీద అచ్చువేసే చిన్న లాబీ కార్డులకు మాత్రం ఈ పని చేయించకండి.

ఫ్రేము షాపులో రెండు విషయాల దగ్గర గట్టిగా నిలబడాలి. ఒకటి, పోస్టరు అద్దానికి తగలకూడదు. పావు అంగుళం ఎడం ఉండేలా లోపల పట్టీ వేయించాలి. కోస్తా తేమకు పూత కాగితం అద్దానికి అతుక్కుందంటే మళ్ళీ ఊడదు. రెండు, వెనక మామూలు హార్డ్‌బోర్డు, ఫెవికాల్ వద్దు. ఆమ్లం లేని అట్ట వేసి, గుడ్డ అంచులను మాత్రమే దానికి పట్టించాలి. ముందు యూవీ ఆపే యాక్రిలిక్. ఫ్రేము లోపలి కొలత చుట్టూ కొద్దిగా వదులుండాలి, లేకపోతే వానాకాలంలో ఉబ్బి అలలు తేలుతుంది.

గోడకు, ఫ్రేముకు మధ్య గాలి ఆడేలా కింద రెండు మూలల్లో రబ్బరు బిళ్ళలు అంటించి, వాన తడవని లోపలి గోడకు తగిలించాను. రెండు వానాకాలాల తర్వాత విప్పి చూస్తే వెనక అట్ట పొడిగానే ఉంది. కింద ఎడమ మూలలో గుడ్డ అంచు ఒక వేలెడంత వదులైంది. దాన్ని మళ్ళీ పట్టించి బిగించాను.