లంబసింగి దారిలో ఆగాల్సిన ఊళ్ళు

కార్తీకం వచ్చిందంటే విశాఖలో సగం కార్లు శనివారం రాత్రి లంబసింగి వైపే. తెల్లారుజామున చెరువులవేనం కొండెక్కి మంచులో ఫోటోలు, ఆపైన బొంగులో చికెన్, మధ్యాహ్నానికి తిరుగుముఖం. మేమూ అదే దారిన వెళ్ళాం, అల్లూరి సీతారామరాజు మన్యం తిరుగుబాటు జాడలు చూడ్డానికి. కాకపోతే ముందు దానికి పూర్తిగా ఎదురు దిక్కున, ఆనందపురం అవతల ఉన్న పద్మనాభం చూడాలని నేను పట్టుబట్టాను. కారు మా బావది, నడిపేదీ తనే. "మన్యం తిరుగుబాటు చూడ్డానికి పద్మనాభంలో ఏముందిరా?" అని దారంతా సణుగుతూనే ఉన్నాడు.

అక్కడ ఉన్నది శిస్తు గొడవ. కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడికి మెట్లెక్కేవాళ్ళు చాలామందే కనిపించారు. కింద మైదానంలో 1794 జులై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో తలపడి చనిపోయాడు. గంట కూడా పట్టని యుద్ధం. తగువు పేష్కషు, అంటే కంపెనీకి కట్టాల్సిన కప్పం, బకాయిల మీద. రాజు శౌర్యం గురించి మనవాళ్ళు పద్యాలంత ధాటిగా చెబుతారు. ఆ బకాయి చివరికి ఎవరి గాదెలోంచి రావాలో మాత్రం ఎవరూ అడగరు. కంపెనీ జమీందారు మెడ మీద కూర్చుంటే, జమీందారు రైతు మెడ మీద కూర్చుంటాడు. 1802లో వచ్చిన పర్మనెంట్ సెటిల్మెంట్ దాన్నే పక్కా చేసింది. జమీందారీల రద్దుకు 1948 చట్టం రావాల్సి వచ్చింది.

అదే మండలంలో గోస్తనీ ఒడ్డున పాండ్రంగి. అల్లూరి సీతారామరాజు పుట్టింది ఇక్కడే, 1897లో. అమ్మమ్మగారి ఊరు. కాసేపు తిరిగి, టీ తాగి వచ్చేశాం.

మర్నాడు అనకాపల్లి మీదుగా తాళ్ళపాలెం దగ్గర హైవే వదిలేసి నర్సీపట్నం చేరాం. ఊళ్ళో ఇద్దరు తెల్లదొరల సమాధులు ఉన్నాయి, స్కాట్ కవర్డ్, హైటర్. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో సీతారామరాజు దళం కాపు కాసింది. ముందు నడిచిన మన దేశపు పోలీసుల్ని పోనిచ్చి, వెనక వచ్చిన ఈ ఇద్దరినీ కాల్చింది. ఆ కథ చెప్పగానే బావకు హుషారొచ్చింది. ఇంతసేపూ ఇలాంటిదాని కోసమే ఎదురుచూస్తున్నట్టున్నాడు. నిజానికి మనందరికీ ఈ కథ తెలిసింది ఇంతవరకే: విల్లంబులు, మిరపకాయ టపా, తుపాకులు. దీని వెనక భూమి తగువు ఉందని బళ్ళో ఎవరూ గట్టిగా చెప్పలేదు.

కృష్ణదేవిపేటలో సమాధి దగ్గర ఆ సంగతే మాట్లాడుకున్నాం. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును చెట్టుకు కట్టి కాల్చాక శవాన్ని ఇక్కడికే తెచ్చారు. అంతకు ముందు 1917 ప్రాంతంలో ఆయన సన్యాసిగా వచ్చి కాలు పెట్టిందీ ఇక్కడే. బావకు తెలియని ముక్క ఒకటి చెప్పాను. తిరుగుబాటుకు కొద్దికాలం ముందు, ఈయన మీద అనుమానంతో నిఘా పెట్టిన రోజుల్లో, డిప్యూటీ కలెక్టర్ ఫజులుల్లా ఖాన్ చొరవతో ఆయనకు పైడిపుట్టలో భూమి ఇప్పించారు. సేద్యం చేసుకుంటూ కుదురుగా ఉంటాడని ఆశ. "అంటే భూమి ఇస్తే ఊరుకుంటారని సర్కారుకూ తెలుసన్నమాట" అన్నాడు బావ. తెలుసు. ఇచ్చింది మాత్రం ఒక్కడికి.

మిగతా మన్యం సంగతి వేరు. 1882 మద్రాసు అటవీ చట్టంతో కొండవాలు రిజర్వు ఫారెస్టు అయిపోయింది. పోడు కొట్టడం నేరం, పశువుల్ని మేపడం నేరం, కట్టెపుల్ల తెచ్చుకున్నా గార్డుకు ముట్టజెప్పాలి. చెట్లు నరికి కాల్చి ఆ బూడిదలో సామలు, చోళ్ళు చల్లుకుని, రెండు మూడు పంటల తర్వాత ఇంకో వాలుకు మారే సేద్యం అది. ఆ మారడానికి చోటు లేకుండా చేస్తే ఇంక బతుకేముంది? ముఠాలను, అంటే కొన్నేసి కొండ ఊళ్ళను, ఏలుకునే ముఠాదార్ల అధికారాలూ కత్తిరించారు. అందుకే తిరుగుబాటులో కూలీతో పాటు దొర కూడా నడిచాడు. అంతకు ముందు 1879లో రంపలో లేచిన పితూరీకి, అంటే తిరుగుబాటుకి, కల్లు మీద పన్ను ఒక కారణం. అంటే రాజు రాకముందు నుంచే కొండ రగులుతూనే ఉంది.

డౌనూరు దాటాక ఘాట్ రోడ్డు మొదలైంది. నా మటుకు ఈ యాత్రలో అసలు చూడాల్సింది ఈ రోడ్డే. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించింది గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. కొండవాళ్ళను పట్టుకొచ్చి రాళ్ళు మోయించాడు. చెప్పిన కూలి చేతికందేది కాదు, ఎదురడిగితే దెబ్బలు. బట్టిపనుకుల మునసబు గాం గంటందొరకూ ఇతనికీ పడలేదు, ఆ మునసబుగిరీ పోయింది. గంటందొర, తమ్ముడు మల్లుదొర రాజుకు కుడిభుజాలు అయ్యారు. ఈ మలుపుల్లో కారు సెకండ్ గేరులో మూలుగుతూ ఎక్కుతుంటే, ప్రతి రాతి కట్టడం ఎవరు పేర్చారో అన్న ఆలోచన వదల్లేదు. బావ పాటలు ఆపేశాడు. వెనక నుంచి హారన్లు మాత్రం ఆగలేదు, వ్యూ పాయింట్‌కు లేటైపోతోందని వాళ్ళ టెన్షన్ వాళ్ళది.

లంబసింగిలో మంచు బాగుంది, అబద్ధమెందుకు. స్ట్రాబెర్రీ తోటలు, టెంట్లు, వలిసె పూలల్లో నిలబడి సెల్ఫీకి రుసుము. ఆ రుసుము తీసుకునేది గిరిజన రైతే అయితే నాకే అభ్యంతరమూ లేదు.

చింతపల్లి చేరేసరికి ఎండ వచ్చింది. 1922 ఆగస్టు 22న రాజు మనుషులు మొదట పడింది ఇక్కడి పోలీస్ స్టేషన్ మీదే. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు మూడు స్టేషన్లు కొట్టి తుపాకులు, తూటాలు పట్టుకెళ్ళారు. అణచడానికి మలబార్ పోలీసులు, అస్సాం రైఫిల్స్ దిగాల్సి వచ్చింది. గంటందొర 1924 జూన్‌లో కాల్పుల్లో పోయాడు. మల్లుదొర అండమాన్ వెళ్ళి, ప్రాణాలతో తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఇంత జరిగినా నర్సీపట్నం నుంచి ఇక్కడిదాకా ఆయన పేరున్న బోర్డు నాకు ఒక్కటీ కనపడలేదు. ఒక వీరుడు చాలనుకున్నాం కాబోలు. జిల్లాకు 2022లో రాజు పేరు పెట్టడం మంచిదే. గంటందొర, మల్లుదొరల పేర్లు కూడా తెలిస్తే, ఆ పోరు ఒక మైదానపు సన్యాసి కోపం కాదనీ, కొండరైతులు తమ నేల కోసం చేసిందనీ ఊరికే అర్థమవుతుంది.

నేల గొడవ తర్వాతా తెమల్లేదు. 2015 నవంబరులో ఇదే చింతపల్లి అడవిలో 1,212 హెక్టార్లలో బాక్సైట్ తవ్వకాలకు జీవో 97 వచ్చింది. మన్యం ఊరుకోలేదు, 2019లో అది రద్దయింది.

తిరుగుదారిలో ఒక కాఫీ తోట పక్కన ఆగాం. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు, కింద ఎర్రబడుతున్న కాఫీ పళ్ళు. కోస్తున్న పెద్దావిడను బావ పలకరించాడు, పట్టా ఉందా అని. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిందట.

"ఉంది బాబూ. పట్టాలో రాసింది తక్కువ, మేం సేసేది ఎక్కువ."

"మరి మిగతాది ఎవరిదమ్మా?"

ఆవిడ కోత ఆపలేదు. "మా మావ కొట్టిన పోడు. ఇంకెవరిదవుద్ది?"