వకీలు బూర్గుల, గవర్నర్ బూర్గుల

పాలమూరు జిల్లాలో పాత భూమి తగాదా ఏది తిరగేసినా 1954-55 ఖాస్రా పహాణీ (సర్వే నంబర్ల వారీగా భూమి ఎవరిది, సాగు ఎవరిది అని రాసిన రికార్డు) దాకా వెళ్లక తప్పదు. ఆ పహాణీ రాసిన రోజుల్లో హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు. 1952లో షాద్‌నగర్ నుంచి గెలిచారు. ఆ తర్వాత రెండు రాష్ట్రాలకు గవర్నర్‌గా వెళ్లారు. మన దగ్గర ఆయన పేరొస్తే పదవులు వరసగా చెప్పి ఊరుకుంటారు. ఆయన్ని ముందు వకీలుగా చూడాలి. ఆ పదవుల్లో ఏం చేశారో అప్పుడే తెలుస్తుంది.

పుట్టింది 1899 మార్చి 13న, కల్వకుర్తి వైపు పడకల్లులో. ఇంటిపేరు పుల్లంరాజు. సొంతూరు బూర్గులే ఇంటిపేరై నిలిచింది. పుణె ఫెర్గుసన్ కాలేజీలో బీఏ, బొంబాయి విశ్వవిద్యాలయం లా పట్టా, 1920ల్లో హైదరాబాద్‌లో వకాలత్. నిజాం కోర్టుల్లో వాదన ఉర్దూలో నడిచేది. ఆయనకు ఉర్దూతో పాటు ఫార్సీ, సంస్కృతం, మరాఠీ, కన్నడ కూడా బాగా వచ్చు. పి.వి. నరసింహారావు ఆయన దగ్గరే జూనియర్‌గా చేశారు. 1931లో నల్లగొండ జిల్లా దేవరకొండలో జరిగిన ఆంధ్ర మహాసభ (నిజాం రాష్ట్రంలో తెలుగువాళ్ల సంస్థ) రెండో సమావేశానికి ఆయనే అధ్యక్షుడు. క్విట్ ఇండియా కాలంలో జైలుకు వెళ్లారు. సౌందర్యలహరిని తెలుగు చేసిన పండితుడు కూడా, కానీ ఆ సంగతికి వేరే వ్యాసం కావాలి.

ఇక భూమి సంగతి. 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం, 1952 ఎన్నికలకు ముందు కేంద్రం ముఖ్యమంత్రిగా పెట్టిన అధికారి వెల్లోడి ప్రభుత్వ కాలంలో వచ్చింది. ఆ మంత్రివర్గంలో రెవెన్యూ శాఖ చూసింది బూర్గులే. చట్టంలో ఆయువుపట్టు ‘రక్షిత కౌలుదారు’ అన్న మాట. చట్టం చెప్పిన కాలాల్లో కనీసం ఆరేళ్లు ఎడతెగకుండా కౌలుకు పట్టి, సొంతంగా సాగు చేసినవాడికి ఆ హోదా దక్కుతుంది. అది వారసులకూ సంక్రమిస్తుంది. బూర్గుల ముఖ్యమంత్రిగా ఉండగా 1954 సవరణతో సెక్షన్ 38-ఇ వచ్చింది. అందులో కౌలుదారు దరఖాస్తు పెట్టుకుని భూమి కొనుక్కోనక్కర్లేదు. ప్రభుత్వం ఒక తేదీ ప్రకటిస్తే, ఎవరికెంత భూమి అన్న 38(7) పరిమితులకు లోబడి, ఆ రోజు నుంచి యాజమాన్యం కౌలుదారుకు మారిపోతుంది. తెలంగాణ రైతు కోసం రాసిన రాతల్లో దీనికి సాటి వచ్చేవి చాలా తక్కువ.

దెబ్బ తగిలింది అమలులో. నోటిఫికేషన్ ఆలస్యమైన కొద్దీ దొరలకు గడువు దొరికింది. కౌలు వదులుకోవాలంటే తహసీల్దారు ముందు ఒప్పుకుని రాసివ్వాలని చట్టంలో ఉంది. ఊళ్లో మాత్రం బెదిరించి ‘సరెండర్’ రాయించుకున్నారు, లేదా ఏ కాగితమూ లేకుండానే నాగలి ఆపేశారు. ఆర్థికవేత్త ఎ.ఎం. ఖుస్రో అధ్యయనం చూస్తే చట్టప్రకారం ఖాళీ చేయించినవాళ్లు కొద్దిమందే, చట్టం దాటి వెళ్లగొట్టినవాళ్లే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇప్పటికీ చాలామంది ఒక పొరపాటు చేస్తున్నారు. ఖాస్రా పహాణీలో సాగుదారుగా పేరున్నంత మాత్రాన రక్షిత కౌలుదారు కాడు. ముందు రక్షిత కౌలుదారుల జాబితా, అంటే ప్రొటెక్టెడ్ టెనెంట్ రిజిస్టర్ నకలు తీయాలి. తర్వాత యాజమాన్యానికి రుజువైన 38-ఇ సర్టిఫికెట్ ఇచ్చారా లేదా చూడాలి. ఆ తర్వాతే పహాణీలు ఏడాది వారీగా పెట్టుకుని సర్వే నంబరు, విస్తీర్ణం సరిపోల్చాలి. సర్వే నంబరు బై నంబర్లుగా (ఉప సంఖ్యలుగా) చీలిన చోటే ఎక్కువగా లెక్క తప్పుతుంది.

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడటంతో ఆయన ముఖ్యమంత్రి పదవి ముగిసింది. నవంబర్ 22న కేరళ గవర్నర్‌గా బాధ్యత తీసుకున్నారు. 1957 ఎన్నికల్లో 126 స్థానాలకు కమ్యూనిస్టులకు 60 వచ్చాయి, స్వతంత్రులు తోడయ్యారు. హైదరాబాద్ శాసనసభలో కమ్యూనిస్టుల పీడీఎఫ్‌ను (పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్) ఎదురుగా పెట్టుకుని ఐదేళ్లకు దగ్గరగా నెగ్గుకొచ్చిన మనిషి, ఏప్రిల్ 5న ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ చేత ప్రమాణం చేయించారు.

ప్రైవేటు బడుల మీద ప్రభుత్వ అదుపు పెంచే కేరళ విద్యా బిల్లు దగ్గర ఆయనలోని వకీలు కనిపిస్తాడు. బిల్లు వస్తే గవర్నర్ ఆమోదించవచ్చు, ద్రవ్య బిల్లు కాకపోతే ఆపి సభకు తిప్పి పంపవచ్చు, లేదా రాష్ట్రపతికి నివేదించవచ్చు. బూర్గుల చివరి దారి పట్టారు. రాష్ట్రపతి 143వ అధికరణం కింద సుప్రీంకోర్టు అభిప్రాయం అడిగారు. 1958 మే 22న కోర్టు, కొన్ని నిబంధనలు మైనారిటీల విద్యాసంస్థల హక్కును తాకుతున్నాయని చెప్పింది. సభ బిల్లును సవరించింది, 1959లో ఆమోదం దొరికింది. ఇది సరైన పద్ధతి. ఒక్క మనిషి ఇష్టాయిష్టాల మీద కాకుండా కోర్టు ముందు తేలింది.

1959 జులై 31 సంగతి వేరు. వీధుల్లో కమ్యూనిస్టు ప్రభుత్వం దిగిపోవాలంటూ ‘విమోచన సమరం’ సాగుతుండగా గవర్నర్ నివేదిక ఢిల్లీకి వెళ్లింది, 356వ అధికరణంతో (రాష్ట్రపతి పాలన) ప్రభుత్వం రద్దైంది, సభ కూడా అదే దెబ్బకు పోయింది. సభలో మెజారిటీ ఉన్న ప్రభుత్వం అది. సుప్రీంకోర్టు 1994 బొమ్మై తీర్పు తర్వాతైతే పార్లమెంటు ఉభయసభలూ ఆమోదించే దాకా శాసనసభను రద్దు చేయడానికి వీల్లేదు. నిర్ణయం ఢిల్లీదే అయినా, ఆ నివేదిక మీద సంతకం బూర్గులది. ఆయన మీద ఎంత గౌరవమున్నా ఈ మాట దాచకూడదు.

1960 నుంచి 1962 దాకా ఉత్తరప్రదేశ్ గవర్నర్, ఆ తర్వాత రాజ్యసభ. 1967 సెప్టెంబర్ 14న కన్నుమూశారు. పాలమూరు రక్షిత కౌలుదారులకు 38-ఇ కింద యాజమాన్యం వచ్చిన తేదీ 1973 జనవరి 1.