అరంగుళం ఉలి ఇంకా లొంగలేదు

పాత టేకు ద్వారబంధం ముక్కలో పీట కాలికి బెజ్జం తొలుస్తుండగా నిన్న రాత్రి అరంగుళం (12 మి.మీ.) ఉలి మళ్లీ అంచు మడత పడింది. విజయవాడ వన్‌టౌన్‌లో వెయ్యి రూపాయల లోపు ఖరీదుకు తెచ్చుకున్న ఆరు ఉలుల సెట్టు ఇది. 6, 19, 25 మి.మీ. ఉలులు వీపు చదును చేసి నూరగానే చక్కగా పనిలోకి దిగాయి. 32, 38 మి.మీ. ఉలులతో ఇంతవరకు అవసరమే పడలేదు. నా బెజ్జాలన్నీ 12 మి.మీ. వెడల్పువే కావడం వల్ల, రోజూ చేతిలో ఉండవలసిన ఉలే సతాయిస్తోంది.

నిన్నటికి ముందు లక్షణం ప్రతిసారీ ఒకటే. 25 డిగ్రీల వాలు, దాని కొసన 30 డిగ్రీల సన్నని రెండో వాలు పెట్టి, తోలు మీద పచ్చ పాలిష్‌తో సాపు చేస్తే ముంజేతి వెంట్రుకలు తెగేంత పదును వస్తుంది. అయితే బెజ్జం పది మి.మీ. లోతుకు వెళ్లేసరికి, దీపం కింద తిప్పి చూస్తే అంచు పొడవునా ఒక తెల్లటి గీత మెరుస్తుంది. నగల పనివారు వాడే పది రెట్ల భూతద్దంలో చూసినప్పుడు అంచు వీపు వైపుకు ఒరిగి, మధ్యలో దాదాపు 0.3 మి.మీ., మూలల్లో 0.2 మి.మీ. వెడల్పున మడత పడి కనిపించింది. ఎక్కడా పెచ్చు ఊడలేదు. ఉక్కు మరీ గట్టిదైతే అంచు పెచ్చులూడుతుంది, మెత్తనిదైతే ఇలా వంగుతుంది కాబట్టి అనుమానం మొదట ఉక్కు మీదికే పోయింది. అయినా ఉక్కును తప్పుపట్టే ముందు తక్కిన కారణాలన్నీ ఒక్కొక్కటిగా పరీక్షించాను.

నూరినప్పుడు అంచున మిగిలిపోయే పలుచని పొర విరిగి అలా కనిపిస్తోందేమోనని, దాన్ని చెక్క అడ్డకోత మీద గీసి, తోలు మీద రెండు వైపులా లాగి పూర్తిగా తీసివేశాను, కానీ ఫలితం మారలేదు. రెండో వాలును 35 డిగ్రీలకు పెంచితే అంచు కొంత ఎక్కువ సేపు నిలిచింది గానీ చివరకు అదీ వంగింది, పైగా సుత్తి దెబ్బ మరింత గట్టిగా వేయవలసి వచ్చింది. టేకులో ఉండే సిలికా పదునును తినేస్తుందన్నది నిజమే. అయితే సిలికా అంచును అరగదీసి మొద్దుబారుస్తుందే తప్ప మడత పెట్టదు. అదే ముక్కలో, అదే కోణంలో నూరిన 19 మి.మీ. ఉలి నిక్షేపంగా పని చేసింది కనుక చెక్కను నిందించడానికి వీల్లేదు.

అప్పుడు మిగిలిన బలమైన అనుమానం కర్మాగారంలో జరిగే సాన గురించి. చవక ఉలులను యంత్రం మీద వేగంగా సాన పట్టినప్పుడు పలుచని కొస వేడెక్కి, మొదటి రెండు మూడు మిల్లీమీటర్లలో ఉక్కు గట్టిదనం పోతుంది. ఆ భాగం అరిగిపోయాక లోపలి మంచి ఉక్కు బయటపడుతుంది. అందుకని గ్రైండర్ జోలికి పోకుండా, ముతక కార్బొరండమ్ రాయి మీద చేత్తోనే నాలుగు మి.మీ. అరగదీశాను. చేతి నొప్పి మిగిలింది, మడత మాత్రం పోలేదు.

చివరకు రంపపు పళ్లు నూరే మూడు పలకల ఆకురాయిని తీశాను. గట్టి ఉక్కు మీద అది జారుతుంది, మెత్తని ఉక్కును కొరుకుతుంది. 19 మి.మీ. ఉలి మీద అది గాజు మీద పెట్టినట్లు జారిపోయింది. 12 మి.మీ. ఉలిలో అంచుకు 5, 20, 40 మి.మీ. దూరాల్లో ఎక్కడ పెట్టినా కరకరమని కొరికింది. అంటే లోపం కొసకు పరిమితం కాదు, ఈ ఒక్క ఉలినీ అసలు సరిగా గట్టిపరచనే లేదు. డబ్బా మీద క్రోమ్ వెనేడియం అని అచ్చు వేసి ఉంది, కానీ ఆ మాట ఉక్కులో ఏమేమి కలిపారో చెబుతుందే తప్ప దాన్ని ఎంత వేడికి కాచారో, ఎలా చల్లార్చారో చెప్పదు.

ఇక నేనే గట్టిపరుద్దామని పిడి ఊడదీసి, కొస నుంచి 40 మి.మీ. మేర గ్యాస్ మంటలో ఎర్రగా, అయస్కాంతం అంటుకోని స్థితి దాటి కాస్త పైకి కాచి, సుమారు 60 డిగ్రీల వేడి ఉన్న వేరుశనగ నూనెలో ముంచాను. కొస నుంచి 25 మి.మీ. వరకు ఆకురాయి జారడం మొదలుపెట్టింది. ఆ సంతోషం మాటల్లో చెప్పలేను. పెళుసుదనం తగ్గించడానికి వంటింటి ఓవెన్‌లో పెట్టినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ఓవెన్ వేడిని మార్చే మీట 200 డిగ్రీలు చూపుతుంటే లోపల పెట్టిన విడి థర్మామీటర్ 170 మాత్రమే చూపింది. మీటను పెంచి, లోపల నిజంగా 200 నిలిచేలా చేసి, గంట చొప్పున రెండు విడతలు ఉంచాను. తోమిన వీపు మీద లేత గడ్డి రంగు వచ్చింది.

నిన్నటి బెజ్జం దీనితో తొలిచిందే. సగం లోతు వరకు అంచు చెక్కుచెదరలేదు. ఆ తర్వాత మధ్యలో అతి సన్నని మడత, ఎడమ మూలలో 0.1 మి.మీ. పెచ్చు రెండూ కనిపించాయి. ఒకే అంచు ఒకచోట వంగి, మరోచోట ఊడటం నాకు మింగుడు పడలేదు. పలుచని మూల మంటలో ముందుగా వేడెక్కి అక్కడి ఉక్కు లోపలి రవ్వ ముతకబారి పెళుసెక్కి ఉంటుందని, మధ్యభాగానికి తగిన వేడి అందలేదని నా ఊహ. చిన్న మంటతో వెడల్పు పొడవునా సమానంగా కాచడం నేను అనుకున్నంత తేలిక కాదు.

ఇంత తతంగం తర్వాత చవక సెట్టుల మీద నా అభిప్రాయం స్థిరపడింది. కొత్తగా మొదలుపెట్టేవారు ఆరింటి డబ్బా బదులు 6, 12, 25 మి.మీ. ఉలులను విడివిడిగా కొనడం మేలు. చెక్ దేశపు నారెక్స్ వంటి కంపెనీ తన ఉలులు గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ కొలతలో 59 దగ్గర ఉంటాయని అంకె చెప్పి అమ్ముతుంది, ఖరీదు ఎక్కువైనా ఆ అంకెకే నేను డబ్బు పెడతాను. చవక సెట్టే కొనవలసి వస్తే, కొట్టులో ఆకురాయి పెట్టనివ్వరు గనుక, ఇంటికి రాగానే ప్రతి ఉలినీ పిడి దగ్గర కాకుండా కొసకు 20 మి.మీ. దూరంలో పరీక్షించి, మెత్తనిదాన్ని నూరకముందే మార్చుకోవాలి. నూరిన ఉలిని ఏ కొట్టువాడూ వెనక్కి తీసుకోడు.

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే వడ్రంగి మేస్త్రి ఒకాయన నా అవస్థ విని, "డబ్బా ఉలులతో ఏం వేగుతారండీ, కమాను పట్టీ ముక్క తెచ్చుకుని కొలిమిలో కొట్టించుకోండి" అన్నారు. పట్టీ ఉక్కు మందం బెజ్జం ఉలికి బాగా సరిపోతుంది, తిరిగి గట్టిపరచడానికి తగినంత కార్బన్ కూడా దానిలో ఉంటుంది. అది వచ్చే నెల పని. 25 మి.మీ. ఉలిని 20 డిగ్రీలకు నూరి, కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి చెక్క మీద ప్రయత్నించాలని కూడా ఉంది, అంత మెత్తని చెక్కకు పలుచని అంచే మేలు. అంతకుముందు అరంగుళం ఉలి మూల 2 మి.మీ. తీసివేసి, రెండు వైపుల నుంచి రెండు మంటలు పెట్టి మళ్లీ కాచి, ఈసారి ఓవెన్‌లో 220 దగ్గర ఉంచి చూస్తాను.