ఎర్ర రంగు కింద రాగి రంగు

గత వేసవిలో ఇంగ్లండులోని వార్విక్‌షైర్‌లో ఒక రైతు పొలంలో పాత ట్రాక్టర్ల వేలం జరిగితే చూడడానికి వెళ్లాను. వరుస చివర నిలబెట్టిన ఎర్ర బండికి కట్టిన అట్టముక్క మీద "మాస్సీ ఫెర్గూసన్ 35, 1958, మూడు సిలిండర్ల డీజిల్" అని రాసి ఉంది. మా నాన్న ముప్పై ఏళ్లు నడిపింది మాస్సీ 1035 కావడం వల్ల, దానిలోని సింప్సన్ ఇంజను చప్పుడు వింటూ పెరిగిన నేను ఆ బండి దగ్గర ఆగకుండా ఉండలేకపోయాను. అయితే అట్టముక్క మీది సంవత్సరానికీ, ఆ మూడు సిలిండర్లకూ పొసగదు.

ఎందుకు పొసగదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. కోవెంట్రీలోని బానర్ లేన్ కర్మాగారంలో 1946 నుంచి 1956 వరకు ఐదు లక్షలకు పైగా తయారైన ఫెర్గూసన్ టీఈ 20 అనే ట్రాక్టరు పైరూపం ఆ పదేళ్లలో దాదాపు మారలేదు. బానెట్, మడ్‌గార్డులు, ఇంజను అన్నీ ఒకే బూడిద రంగు. గేరు రాడ్డును 'ఎస్' అన్న చోటికి తోస్తేనే ఇంజను స్టార్టవుతుంది కాబట్టి, గేరులో ఉన్న బండి పొరపాటున కదిలే ప్రమాదం లేదు. ఈ ఏర్పాటు నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. మారినదంతా లోపలే. మొదటి బండ్లలో అమెరికా నుంచి తెప్పించిన కాంటినెంటల్ ఇంజను ఉండేది; స్టాండర్డ్ కంపెనీ పెట్రోలు ఇంజను వచ్చాక పేరు టీఈఏ అయింది, కిరోసిన్ లాంటి ఆవిరినూనెతో నడిచే రకం టీఈడీ, 1951లో వచ్చిన డీజిల్ రకం టీఈఎఫ్. అదే ఏడాది పెట్రోలు ఇంజను బోరును, అంటే సిలిండరు లోపలి వ్యాసాన్ని, 80 మిల్లీమీటర్ల నుంచి 85కు పెంచారు. అందువల్ల టీఈ 20 ముందు నిలబడినవారు బండిని చూడడం కన్నా దానికి బిగించిన సీరియల్ పలక మీది అక్షరాలను చదవడం మేలు.

దాని స్థానంలో 1956లో వచ్చిన ఎఫ్ఈ 35 విషయం వేరు. గేర్లు ముందుకు నాలుగు కాస్తా ఆరయ్యాయి, వెనక తగిలించిన పనిముట్టును ఎత్తే హైడ్రాలిక్ లిఫ్టుకు ఒకే పిడి ఉన్న చోట రెండు పిడులు వచ్చాయి, రేకు భాగాలు బూడిద రంగులోనే ఉన్నా ఇంజను, గేరుబాక్సు పోతపోసిన భాగాలన్నిటికీ రాగి రంగు వేశారు. మాస్సీ హారిస్, ఫెర్గూసన్ కంపెనీలు 1953లోనే కలిసిపోయినా, వాటి రంగులు ఒకే బండి మీదికి చేరడానికి 1957 చివరి దాకా ఆగవలసి వచ్చింది. అప్పుడు రేకులు ఎర్రగా, పోత భాగాలు బూడిదగా మారి, అదే బండి మాస్సీ ఫెర్గూసన్ 35గా అమ్ముడుపోవడం మొదలైంది. రంగు మారింది గాని డీజిల్ ఇంజను మారలేదు. చలికాలంలో ఉదయం పూట స్టార్టు కావడానికి మొండికేస్తుందని పేరుపడిన స్టాండర్డ్ 23సీ అనే నాలుగు సిలిండర్ల ఇంజనే కొనసాగింది. మాస్సీ ఫెర్గూసన్ 1959లో డీజిల్ ఇంజన్లు తయారుచేసే పెర్కిన్స్ కంపెనీని కొన్న తరువాత, ఆ ఏడాది చివర గాని పెర్కిన్స్ మూడు సిలిండర్ల ఇంజను ఈ బండిలోకి రాలేదు.

కాబట్టి ఆ అట్టముక్క మీద సంవత్సరమైనా తప్పై ఉండాలి, లేదా ఇంజనైనా తరువాత మార్చినదై ఉండాలి. సిలిండరుకు ఒకటి చొప్పున ఇంజెక్టర్లకు డీజిల్ తీసుకెళ్లే గొట్టాలను లెక్కపెట్టాను, నిజంగా మూడే. సీరియల్ పలక మీద మాత్రం మొదటి అక్షరాలు ఎస్‌డీఎం. ఇందులో రెండో అక్షరం 'డీ' అయితే నాలుగు సిలిండర్ల డీజిల్, 'ఎన్' అయితే మూడు. పలకను విప్పి మరో బండికి బిగించడం ఎవరికైనా సాధ్యమే కనుక దాన్నొక్కదాన్నే నమ్మలేదు. అమ్మకందారు అనుమతి తీసుకుని, గేరుబాక్సు అడుగున నూనె జిడ్డు పేరుకుపోయిన చోట పెచ్చులూడుతున్న బూడిద రంగును గోటితో గీకి చూశాను. కింద రాగి రంగు కనిపించింది. ఇంజను మీద రెండు చోట్ల గీకినా రాగి ఛాయే లేదు. బానెట్ లోపలి వైపు, తుడవని మూలల్లో, ఎరుపు కింద బూడిద రంగు మిగిలే ఉంది.

అంటే అది 1958 నాటి మాస్సీ కాదు. అంతకుముందే ఎఫ్ఈ 35గా తయారై, ఎప్పుడో పెర్కిన్స్ ఇంజను బిగించుకుని, ఆ తరువాత ఎర్ర రంగు పూయించుకున్న బండి. ఇంజను మార్చినవారిని నేను తప్పుపట్టను. మంచు కురిసే ఉదయాల్లో పొలానికి వెళ్లవలసిన రైతుకు అది తెలివైన పని. పైరంగు చూసి తేదీ రాసిన చేతినే తప్పుపడతాను. ఆ విషయం అమ్మకందారుకు చెబితే, ఆయన అట్ట మీద 1958ని కొట్టేసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు, మోడల్ పేరును మాత్రం అలాగే ఉంచాడు.

ఆ సాయంత్రం నాన్నకు ఫోన్ చేసి ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన ఓపికగా విని, "రంగులు సరే గాని, లిఫ్టు ఎత్తుతోందా?" అని అడిగారు. ఆ రెండు పిడులనూ లెక్కపెట్టి వచ్చానే గాని, ఒక్కదాన్నయినా పైకి లాగి చూడలేదు.