ర్యాంకు వచ్చింది, మరి వరంగల్ ఎన్ఐటీలో సీటొస్తుందా?

జేఈఈ మెయిన్ ర్యాంకు కార్డు చేతికి రాగానే ముందు చూడాల్సింది పిల్లాడు ఇంటర్ ఎక్కడ పాసయ్యాడన్నది. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకే, ఆ సొంత రాష్ట్రాన్ని తేల్చేది ఇంటర్ పాసైన చోటే. కోదాడ దాటి విజయవాడలో హాస్టల్లో ఉండి చదివిన మన నల్లగొండ పిల్లాడికి వరంగల్ పరాయిదే, తాడేపల్లిగూడెంలోని ఏపీ ఎన్ఐటీ సొంతమవుతుంది. ఆధార్‌లో మిర్యాలగూడ ఉందని వాదిస్తే లాభం లేదు. ఐఐటీల్లో ఈ గొడవే లేదు.

తర్వాత ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు కేటాయించే జోసా సైట్‌లో గత మూడేళ్ల ముగింపు ర్యాంకులు, అంటే ఆఖరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో తీయండి. మొదటి రౌండుది కాదు, చివరి రౌండుది. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే: ఓబీసీ వరుసలో 2,000 అని ఉంటే అది ఓబీసీ ర్యాంకు. దాన్ని జనరల్ ర్యాంకుతో పోల్చి ఊరికే దిగులు పడతారు. అమ్మాయిలకైతే మహిళల వరుస కూడా విడిగా చూడాలి.

మీ ర్యాంకు మూడేళ్లూ ఆ ముగింపు ర్యాంకు లోపలే ఉంటే ధీమాగా ఉండొచ్చు. ఒక్క ఏడాదే లోపలుంటే, నా లెక్కలో అది ఆశ మాత్రమే.

రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్ర ఓబీసీ జాబితాలో ఉన్నట్టు కాదు, కులం పేరు అందులో వెతుక్కోండి. ఓబీసీ సర్టిఫికెట్ కేంద్ర నమూనాలో, ఆ ఏడాది ఏప్రిల్ 1 లేదా ఆ తర్వాతి తేదీతో ఉండాలి. మీసేవలో పాతదే ప్రింటు తీసుకొస్తే చెల్లదు.

ఆప్షన్లు మాత్రం ఇష్టం ప్రకారమే పెట్టండి. రాని సీటు పైన పెట్టినందుకు కిందిది పోదు.