ఎర్ర ద్రవాన్ని ఊడ్చే చెయ్యి: వెనిస్ బియెన్నాలే 2019

వెనిస్‌లో రెండేళ్ళకోసారి జరిగే కళా ప్రదర్శన బియెన్నాలే. అది చూడ్డానికి వచ్చి సాంటా లూచియా రైల్వే స్టేషన్ మెట్లు దిగితే ఎదురుగా కాలువే. అక్కడి ఫెర్రోవియా రేవులో 1వ నంబరు వాపొరెట్టో ఎక్కాలి. పేరుకు పడవ, పనికి సిటీ బస్సు. ప్రతి రేవులోనూ ఆగుతుంది కాబట్టి, ప్రదర్శన జరిగే రెండు చోట్లలో ఒకటైన జార్దీని తోట చేరేసరికి ముప్పావు గంట దాటుతుంది. 2019 అక్టోబర్‌లో నేను వెళ్ళినప్పుడు పడవ టికెట్టు 7.50 యూరోలు, 75 నిమిషాలు చెల్లేది. బియెన్నాలే టికెట్టు అప్పట్లో 25 యూరోలు. దాంతో జార్దీనికి ఒకసారి, రెండో చోటైన ఆర్సెనాలేకి ఒకసారి వెళ్ళే వీలుండేది. రెండూ ఒకే రోజు ముగించాలనుకుంటే కాళ్ళు మొరాయిస్తాయి, రెండు రోజులు పెట్టుకోండి. సోమవారం సెలవు.

ఆ ఏడాది ప్రదర్శనను కూర్చిన క్యురేటర్ రాల్ఫ్ రుగాఫ్ ఒక్కో కళాకారుడి కళాకృతులను రెండు చోట్లా పెట్టాడు. ఒక చోటే చూసి వస్తే సగమే చూసినట్టు. చైనా కళాకారుల ఇన్‌స్టలేషన్ల కోసం వెళ్ళిన నేను మొదట జార్దీనిలో సెంట్రల్ పెవిలియన్ అనే ప్రదర్శనశాలలోకి నడిచాను. బీజింగ్‌కు చెందిన సున్ యువాన్, పెంగ్ యు జంట చేసిన ‘కాంట్ హెల్ప్ మైసెల్ఫ్’ అక్కడే ఉంది. 2016లో న్యూయార్క్ గుగెన్‌హైమ్ మ్యూజియం చేయించిన పని అది.

అల్యూమినియం చట్రానికి బిగించిన పాలీకార్బనేట్ అనే గట్టి పారదర్శక ప్లాస్టిక్ గోడల మధ్య, కార్ల ఫ్యాక్టరీల్లో కనిపించే లాంటి, కూకా కంపెనీ రోబో చెయ్యి ఒకటి. దాని కొసన స్టీలు, రబ్బరుతో చేసిన వెడల్పాటి పార. నేల తుడిచే వైపర్‌కు పెద్దన్న. చుట్టూ నెత్తురు రంగు ద్రవం. పైన దీపాల చట్రంలో కాగ్నెక్స్ కంపెనీ కెమెరా సెన్సర్లున్నాయి. ద్రవం హద్దు దాటిందని అవి పసిగట్టగానే చెయ్యి అటు తిరిగి, వంగి, దాన్ని లోపలికి లాగుతుంది. ఇటు లాగేలోపు అటు పాకుతుంది. మధ్యమధ్యలో వంగి దండం పెట్టినట్టు, వీపు గోక్కున్నట్టు కదులుతుంది. అలాంటి కదలికలు 32 నేర్పారు.

రబ్బరు అంచునే కాసేపు గమనిస్తూ నిలబడ్డాను. ద్రవం గంజిలా చిక్కగా ఉంటుంది. రంగునీళ్ళలో సెల్యులోజ్ ఈథర్ కలపడం వల్ల వచ్చిన చిక్కదనం అది. వాల్‌పేపర్ జిగురులో వాడేదీ ఈ కోవ పదార్థమే. మామూలు నీళ్ళయితే లాగిన మరుక్షణమే వెనక్కి పరుగెడతాయి. ఇది మాత్రం తీరిగ్గా, పట్టు వదలకుండా పాకుతుంది. చెయ్యి విసురుగా తిరిగినప్పుడల్లా చిందులు గోడలమీద పడి, ఆరి, ముదురు మరకలవుతాయి. గోడలు కబేళాలా మారేది అందుకే.

దీని గురించి రీల్స్‌లో తిరిగే కథ ఒకటుంది: ఆ ద్రవం రోబో ఒంట్లోంచి కారే హైడ్రాలిక్ ఆయిలనీ, అది కారిపోయి 2019లో రోబో ‘చచ్చిపోయింద’నీ. నిజం కాదు. ఆ చెయ్యి కరెంటు మోటార్లతో నడుస్తుంది, దాన్ని కదిలించే హైడ్రాలిక్ ఆయిల్ అంటూ ఏదీ లేదు. నవంబర్ 24న ప్రదర్శన ముగిసింది, యంత్రాన్ని ఆపేశారు. నాకైతే ఆ కల్పన కంటే అసలు సంగతే ఎక్కువ బాధ కలిగించింది. తనకు ఏ మాత్రం అవసరం లేని ద్రవాన్ని, ఎవరో గీసిన హద్దు కోసం, రోజంతా కాపలా కాసింది.

ఆర్సెనాలే పాతకాలపు ఓడల కార్ఖానా. మోకులు పేనిన కోర్దెరియే హాలు ఒక్కటే 300 మీటర్లు దాటుతుంది. లియు వెయ్ ‘మైక్రోవరల్డ్’లో నున్నగా మెరుగుపెట్టిన అల్యూమినియం రేకులు పెద్ద పెద్ద గోళాలై నిలబడ్డాయి. యిన్ షియుజెన్ ‘ట్రోజన్’లో స్టీలు చట్రం మీద జనం తొడిగి విడిచిన బట్టలు కుట్టి, విమానం కూలబోతోందన్నప్పుడు తల వంచి ముడుచుకున్న భారీ మనిషిని చేశారు. చైనా పెవిలియన్ చిట్టచివర ఉంటుంది, మూసేవేళకు కనీసం గంట ముందే అక్కడికి చేరండి.

సున్ యువాన్, పెంగ్ యుల రెండో పని ‘డియర్’ కూడా ఆర్సెనాలేలోనే. పారదర్శకమైన పెట్టెలో తెల్ల కుర్చీ. వాషింగ్టన్ నగరంలోని లింకన్ స్మారకంలో లింకన్ కూర్చున్న ఆసనం పోలికలో ఉంటుంది, పాలరాయిలా కనిపించినా సిలికాన్. సీటు మీద నల్లటి గాలి గొట్టం చప్పుడు లేకుండా పడి ఉంటుంది. ఏమీ జరగడం లేదని చాలామంది వెళ్ళిపోయారు, నేను ఆగాను. ఒత్తిడితో గాలి వదలగానే, మోటారు వేసినప్పుడు చేతిలోంచి జారిన పొలం పైపులా గొట్టం ఎగిరెగిరి పెట్టె గోడల్ని కొరడాలా బాదుతుంది. గాలి ఆగుతుంది, గొట్టం మళ్ళీ కుర్చీలో వాలుతుంది. అప్పుడు దగ్గరికెళ్ళి గోడను పక్కనుంచి చూస్తే, అంతకుముందు పడిన దెబ్బల గీతలు ఒకదానిమీద ఒకటి కనిపించాయి.